‘కరెంటు పెట్టుట’ యనగా నేమి?



పోయిన మాసమున మన పత్రికకు వచ్చిన జాబులలో నొకదానిని సంపాదకులు నాకు పంపిరి. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది గావున ఆమె పేరును, ఊరును చెప్పను. ఆమె వదినెగారికి రొమ్ములో గడ్డ కనబడి శస్త్రచికిత్స జరిగినది. పిదప వైద్యులు కొన్ని వారములు కిరణచికిత్స చేయవలెననిరి. ఇంటివారు దానిని అందఱివలెనే ‘కరెంటు పెట్టుట’ యనుచున్నారు. ప్రతిదినము ఆసుపత్రికి పోయి వచ్చుచున్న యా యిల్లాలిని అత్తగారు వేఱు గదిలో నుంచి, మూడేండ్ల పిల్లవానిని ఆమె దరికి పోనీయకున్నారట. ‘ఒంటిలో కరెంటు నిలిచియుండును, పసివానికి సోకు’నని ఇరుగుపొరుగువారు చెప్పిన మాట. పిల్లవాడు రాత్రులు ఆ గది తలుపు తట్టి యేడ్చుచున్నాడట. ఆ మాట నిజమా యని సోదరి యడిగినది.

నిజము కాదు. ఈ ముక్క ముందు చెప్పి కారణము పిదప చెప్పుచున్నాను. నేను కారణము చెప్పి ముగించువఱకు ఆ బిడ్డ తలుపు కడ నిలువవలసిన పని లేదు.

అయినను ‘కాదు’ అన్న యొక్క మాటతో పెద్దవారు తృప్తి పొందరు, పొందవలసిన యవసరమును లేదు. యంత్రములో నేమి జరుగుచున్నదో తెలిసిన గాని వెఱపు వదలదు. నేను సైన్సు పాఠములు బడిలో చదివినదానను గాను. మా నాయనగారి కడ కావ్యములు చదువుకొని, పెండ్లియైన పిమ్మట మా వారి బల్లమీది పుస్తకములు తిరుగవేసి, తెలియనిచోట వారిని విసిగించి నేర్చినదే నా శాస్త్రము. దానిని ఇంటి మాటలలో చెప్పుట కొక విధముగా నిదియే మేలు.

మొట్టమొదట ‘కరెంటు’ అను పేరే తప్పు. రోగి దేహములోనికి విద్యుత్తు పోదు. విద్యుత్తు పనియంతయు యంత్రము లోపలనే జరుగును. సాధారణముగా వెలుపలికి వచ్చునది ఎక్స్ కిరణము. అది వెలుతురు జాతిది, అంతకంటె మిక్కిలి తీవ్రమైనది. 1895లో జర్మనీ దేశపు రాంట్‌జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొని, ఆ యేడు డిసెంబరు 22వ తేదీన తన భార్య అన్నా బెర్తా చేతికి ఛాయ తీసెను. వ్రేళ్ల యెముకలును, వ్రేలి ఉంగరమును అందులో కనబడినవి. కాలు విఱిగినప్పుడు మనవారికి తీయు ‘ఎక్సరే’ ఆ కిరణమే.

అది పుట్టు తెఱగు సులభము. కాచిన తీగె నుండి ఎలక్ట్రానులను కణములు వెలువడును. ఇవి ఎంత తేలికవి యనగా, హైడ్రోజను పరమాణువు నడిమి బీజము బరువులో 1836వ వంతు మాత్రమే. వీనిని వేగముగా పరుగెత్తించి లోహపు పలకకు కొట్టించినచో, ఆ తాకిడి నుండి ఎక్స్ కిరణము లేచును. పరుగు ఎంత బలమైనదో కిరణము అంత లోతునకు పోవును.

ఇక్కడనే పూర్వపు వైద్యులకు చిక్కు వచ్చినది. రెండు మూడు లక్షల వోల్టులతో ఎలక్ట్రానులను తఱిమెడి యంత్రములు వారి కడ నుండెడివి. ఆ కిరణము తన బలములో హెచ్చు భాగమును చర్మము మీదనే విడిచెడిది. మంట మిక్కిలియైన నూనెలో వేసిన గారె పైన మాడి లోపల పచ్చిగా నుండునట్లు, లోతున నున్న గడ్డకు చాలినంత కిరణము చేరకముందే పైతోలు కాలిపోయెడిది. లక్షలు చాలవు, అరువది లక్షలో ఎనుబది లక్షలో వోల్టుల బలము కావలెను. అంత వోల్టును ఒక్కచోట నిలుపబోయినచో మెఱుపువలె నిప్పురవ్వలు దుమికి యంత్రము పాడగును. గంపెడు బరువును ఒక్కసారి ఎత్తలేనివారు ఏమి చేయుదురు? చిన్న చిన్న మోతలుగా మోయుదురు. 1924లో స్వీడనుదేశపు ఈజింగ్ ఈ యుపాయము చెప్పెను. 1928 నాటికి నార్వేదేశీయుడగు వీడరో, జర్మనీలోని ఆహెన్ నగరమున, బరువైన కణములతో దానిని చేసి చూపెను. ఒక పెద్ద త్రోపునకు మాఱుగా, వేళ తప్పని చిన్న త్రోపులు అనేకములు.

అట్లతద్దినాడు ఉయ్యాల లూగినవారికి దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఉయ్యాల వెనుకకు వచ్చి ముందునకు మరలబోవు క్షణమున పిల్ల చేతితో మెల్లగా త్రోసినను అది చింతకొమ్మ నందుకొనును. వేళ తప్పి త్రోసినచో ఎంత బలశాలి త్రోసినను ఊపు చెడును. ఈ యుపమానము విని మా వారు ‘ఉయ్యాల వచ్చిపోవునది, ఎలక్ట్రాను ఒకే దిక్కునకు పోవునది, పొసగదు’ అనిరి. సరే, రథోత్సవ మనుకొందము: వీథి పొడవున మనుష్యులు వరుసగా నిలిచి, రథము తమ యెదుటికి వచ్చినప్పుడే తల కొక త్రోపు త్రోయుదురు. ఆసుపత్రి యంత్రమునకు రథము సరిపోవును. నా యుయ్యాలకును చోటు కలదు, ముందు చెప్పెదను.

ఎలక్ట్రాను అతి తేలిక గనుక 5 లక్షల వోల్టుల త్రోపు తగులునప్పటికే వెలుతురు వేగములో నూటికి 86 వంతుల వేగ మందుకొనును. అంత త్వరగా పోవు రథమును వేళ తప్పక త్రోయువాడు ఎట్టివాడు కావలెను? సెకనునకు సుమారు 300 కోట్ల మాఱులు ఊగు తరంగము కావలెను. అట్టి తరంగములకే మైక్రోవేవు లని పేరు. ఈ మాట మీరు వినియే యుందురు. అన్నము వేడిచేయు మైక్రోవేవు పెట్టెలో సెకనునకు 245 కోట్ల మాఱు లూగు తరంగ ముండును. వంటయింటి పెట్టెలోనిదియు, క్యాన్సరు ఆసుపత్రి యంత్రములోనిదియు దాయాదులే.

ఈ తరంగమును పుట్టించు పరికరములు రెండు. మొదటిది క్లిస్ట్రాను. 1937లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రస్సెల్ వేరియన్, సిగర్డ్ వేరియన్ అను అన్నదమ్ములు చేసినది. తమ్ముడు విమానము నడుపువాడు. చీకటిలోను మబ్బులలోను దారి కానరాని కష్ట మెఱిగినవాడు. విశ్వవిద్యాలయమువారు ఆ సోదరులకు ప్రయోగశాలలో చోటిచ్చి, సామగ్రికి 100 డాలర్లు మాత్ర మిచ్చిరి! రెండవది మాగ్నెట్రాను. 1940 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున రాండల్, బూట్ అను నిరువురు దానికి మిక్కిలి బలమైన రూపము కల్పించిరి. యుద్ధకాలమున శత్రువిమానముల జాడ పసిగట్టు రాడారులకు అది ప్రాణమైనది.

మాగ్నెట్రాను లోపలి ముచ్చట వినదగినది. నడుమ కాగిన కడ్డీ యొకటి, చుట్టును రాగి గోడ, ఆ గోడలో గూళ్లు. కడ్డీ నుండి వెడలిన ఎలక్ట్రానులు తిన్నగా గోడకు పోజూచును. పైనను క్రిందను అమర్చిన అయస్కాంతము వానిని తిన్నగా పోనీయక వంచి, గూళ్ల మూతుల యెదుట గిరగిర త్రిప్పును. ఖాళీ సీసా మూతిపై అడ్డముగా ఊదినచో సీసా మ్రోగును గదా! అట్లే ఎలక్ట్రానుల సుడి తగిలి గూళ్లన్నియు మ్రోగును. ఆ మ్రోతయే మైక్రోవేవు. వంటపెట్టెలోని మాగ్నెట్రాను బలము సుమారు 1000 వాట్లు. ఆసుపత్రి మాగ్నెట్రాను ఒక్కొక్క విసురునకు 20, 30 లక్షల వాట్ల బలము చూపును. కాని యా విసురు సెకనులో పదిలక్షలవ వంతులు కొన్ని మాత్రమే యుండి ఆగును. అట్టి విసురులు సెకనునకు కొన్ని వందలు.

ఈ తరంగమును, ఎలక్ట్రానులను కలిపి ఒక రాగి గొట్టములోనికి పంపుదురు. గొట్టములో గాలి యనునది లేకుండ తోడివేయుదురు. లోపల బిళ్లలతో గదులు గదులుగా విభజించియుందురు, ప్రతి బిళ్లకు నడుమ రంధ్రము. ఎలక్ట్రాను ఒక్కొక్క గది దాటుసరికి అచటి తరంగము ముందునకు త్రోయు స్థితిలో నుండును. 60 లక్షల వోల్టుల త్రోపు నిచ్చు గొట్టము కొన్ని యంత్రములలో మూరెడైనను ఉండదు! కొస చేరునప్పటికి ఎలక్ట్రాను వేగము వెలుతురు వేగములో నూటికి 99.7 వంతులు. వెలుతురును మీఱుట దానికి సాధ్యము కాదు. మఱి తరువాతి త్రోపు లేమైనవి? వేగము పెరుగక బరువు పెరుగును. ఐన్‌స్టైను చెప్పిన ప్రకారము అప్పటికి ఎలక్ట్రాను తన పుట్టుబరువునకు ఇంచుమించు 13 రెట్లు బరువైనదానివలె నడుచుకొనును. (‘బరువు’ అనుట నేటి శాస్త్రజ్ఞులకు నచ్చదు, ‘శక్తి’ యనవలెనందురు. నేను ఇంటి మాటలలో చెప్పెదనని ముందే యంటిని.)

ఇక అయస్కాంతము. అది ఎలక్ట్రానుకు పిసరంత బలము నీయదు. దారి మాత్రము త్రిప్పును. గానుగ యెద్దును కాడి చుట్టు త్రిప్పును గాని ఎద్దునకు బలమిచ్చునది కాడి గాదు, మేత. ఇక్కడ మేత మైక్రోవేవు, కాడి అయస్కాంతము. ఈ రెంటి పనులు వేఱువేఱని తెలిసిననాడు సగము శాస్త్రము తెలిసినట్లే.

నా యుయ్యాల యిప్పుడు పనికి వచ్చును. 1944లో రష్యాదేశపు వెక్స్లర్ ఒక యుక్తి చెప్పెను. అనేకములగు గదు లెందుకు, ఒక్క గదియే యుంచి, అయస్కాంతముచేత ఎలక్ట్రానును త్రిప్పి త్రిప్పి ఆ గదికే తెచ్చిన చాలును గదా! ప్రతి త్రోపునకును ఎలక్ట్రాను బరువెక్కును. బరువెక్కినకొలది అయస్కాంతము దానిని వంచలేక చుట్టు పెద్దదగును. చుట్టు పెద్దదైనకొలది మరలివచ్చుటకు కాలము హెచ్చు పట్టును. ఆ హెచ్చు కాలము సరిగా తరంగము ఊగు కాలమంత, లేక దానికి రెండు మూడింతలు, ఉండునట్లు అమర్చినచో ఎలక్ట్రాను ఎప్పటికప్పుడు త్రోపు వేళకే వచ్చును. చంటిపిల్ల గాజు మొదలు పెద్దమ్మ గాజువఱకు అన్నింటిని ఒక్కచోట అంటియుండునట్లు ఒకదానిలో నొకటి పేర్చి చూడుడు. అన్నియు కలిసిన యా చోటే త్రోయు గది, గాజులే ఎలక్ట్రాను దారులు. దీనికి మైక్రోట్రాను అని పేరు. మధ్యప్రదేశములోని ఇందోరున రాజా రామన్న పేర నున్న పరిశోధనకేంద్రములో ఇట్టిదానితోనే ఎలక్ట్రానులకు 2 కోట్ల వోల్టుల త్రోపిచ్చి, అచటి మహాయంత్రములకు పంపుచున్నారు.

మన ఆసుపత్రులలో సాధారణముగ నుండునది తిన్నని గొట్టపు యంత్రము. బలము హెచ్చినకొలది గొట్టము పొడవగును గనుక పెద్ద యంత్రములలో దానిని అడ్డముగా పఱుండబెట్టుదురు. రోగి క్రింద బల్లమీద నుండును. ఎలక్ట్రానులను క్రిందికి త్రిప్పుటకు అయస్కాంతము కావలెను. తిన్నగా కాలు చుట్టు వంచిన చాలునని మన కనిపించును. కాని ఎలక్ట్రాను లన్నియు సమానబలము గలవి గావు. బలహీనములు ఎక్కువ వంగి, బలమైనవి తక్కువ వంగి చెదరిపోవును. అందుచేత వానిని పైకెత్తి, ముప్పాతిక చుట్టు త్రిప్పి దింపుదురు. ఆ చుట్టులో బలమైనవి దూరపు దారినను, బలహీనములు దగ్గఱి దారినను పోయి, అన్నియు కొసకు ఒక్క బిందువునకే చేరును. ఆ బిందువున టంగ్‌స్టను పలక యుండును. ఎలక్ట్రానులు దానిని తాకిన చోట ఎక్స్ కిరణము పుట్టును. తాకిడికి పలక కాలిపోకుండ నీటితో చల్లార్చుదురు. కిరణము దారిలో లోహపు రేకులు అనేకములు కదలి, గడ్డ ఆకారమునకు సరిపడు కంత నేర్పఱచును. గడ్డ పైననే యున్నప్పుడు పలకను తొలగించి ఎలక్ట్రానులనే పంపుటయు కలదు; అవి లోతునకు పోవు.

1953లో లండను నగరపు హామర్‌స్మిత్ ఆసుపత్రిలో 80 లక్షల వోల్టుల యిట్టి యంత్రముతో మొదటి రోగికి చికిత్స జరిగినది. 1956లో, అమెరికాలో, స్టాన్‌ఫర్డువారి యంత్రము క్రింద నొక పసిబాలుని పఱుండబెట్టిరి. వాని కంటిలో క్యాన్సరు. ఒక కన్ను అదివఱకే తీసివేసిరి. రెండవదానిలోను గడ్డ లేచినది. హెన్రీ కాప్లన్ అను వైద్యుడు ఆ సన్నని కిరణమును గడ్డపైననే నిలుపగలిగెను. ఆ కన్ను నిలిచినది, ఆ బాలుడు దానితో లోకము చూచుచు పెద్దవాడైనాడు. రాడారు కొఱకు పెరిగిన విద్య పదునాఱేండ్లు తిరుగకముందే ఒక పిల్లవాని కంటికి దీపమైన దని తలచినప్పుడు నాకు ఒడలు పులకరించును.

ఇప్పుడు సోదరి ప్రశ్నకు కారణము చెప్పుట తేలిక. యంత్రము ఆపినతోడనే మైక్రోవేవు ఆగును. అది యాగగానే ఎలక్ట్రాను పరుగాగును. పరుగాగగానే కిరణ మాగును. దీప మార్పిన పిదప వెలుతురు గదిలో నెచ్చటనైన మిగులునా? కిరణము దేహములో తాను చేయవలసిన పని చేసి క్షణములో ముగియును. చూపిన ఫలితము నిలుచును గాని, కిరణము నిలువదు. కావున ఆ యిల్లాలు వండవచ్చును, వడ్డింపవచ్చును, బిడ్డను ప్రక్కను పఱుండబెట్టుకొనవచ్చును. ఆమె బట్టలు వేఱుగా ఉతుకనక్కఱలేదు, కంచము వేఱు చేయనక్కఱలేదు.

ఇరుగుపొరుగువారి మాట పుట్టుటకు ఆధారము లేకపోలేదు. థైరాయిడు క్యాన్సరునకు కిరణము వెదజల్లు అయొడినును మందుగా త్రాగింతురు. అది దేహములోనే యుండి పనిచేయును గనుక కొన్ని దినములు పిల్లలకును, గర్భిణులకును దూరముగా నుండుమని వైద్యులే చెప్పుదురు. గర్భాశయముఖపు క్యాన్సరునకు కిరణపదార్థమును లోపలనే కొంతసేపుంచి తీసివేయు పద్ధతి కలదు. తీసిన పిదప భయము లేదు. 1951 నుండి వాడుకలో నున్న కోబాల్టు యంత్రములో కిరణపదార్థము ఎప్పుడును మండుచునే యుండును, పని లేనప్పుడు దానిని మందపు లోహములో దాచుదురు. అయినను ఆ చికిత్స పొందినవారి దేహములోను ఏమియు మిగులదు. ఒకదాని నియమము వేఱొకదానికి అంటగట్టుటయే చిక్కు. ‘ఇది యే విధమైన చికిత్స?’ అని వైద్యుల నడుగుట మన హక్కు.

వెఱపునకు మఱియొక కారణ మున్నది. రోగిని బల్లమీద పఱుండబెట్టి, అందఱును వెలుపలికి పోయి బరువైన తలుపు మూయుదురు. ‘అంత ప్రమాదము గాకున్న వారేల పాఱిపోవుదురు?’ అని రోగికిని, వెలుపల నున్న బంధువులకును తోచును. ఆ యుద్యోగులు దినమునకు ఎందఱికో, ఏండ్ల తరబడి ఈ చికిత్స చేయుదురు. ప్రతిసారియు లోన నిలిచినచో అక్కఱలేని కిరణము కొంచెము కొంచెముగా కూడును. అందుకే మందపు కాంక్రీటు గోడలు. వెలుపలి నుండి కెమెరాతో రోగిని చూచుచునే యుందురు, మాట వినబడును, తలుపు తెఱచినచో కిరణము తనంతట ఆగును. కొన్ని నిముషములకు పని ముగియగానే ఉద్యోగిని తిన్నగా లోనికి పోయి, చేయి పట్టి రోగిని లేపును. అత్తగారు ఒక్కసారి కోడలితో ఆసుపత్రికి పోయి ఈ యొక్క దృశ్యము చూచిన చాలును.

భయమే అక్కఱలేదని నేను చెప్పను. 1985 జూను మొదలు 1987 జనవరి వఱకు అమెరికాలోను కెనడాలోను థెరాక్-25 అను యంత్రము, కంప్యూటరు ఆజ్ఞలలోని దోషమువలన, ఆఱుగురు రోగులపై మితిమీఱిన కిరణము కురిపించినది, కొందఱు మరణించిరి. పాత యంత్రములలో తప్పు జరుగకుండ పట్టి ఆపు అడ్డుకట్టలను తీసి, అంతయు కంప్యూటరునకే విడుచుట మూలకారణము. ఒంటిమీద ఏదో కాలినట్లున్నదని రోగులు చెప్పినను యంత్రము తప్పు చేయదని మొదట వారి మాట త్రోసివేసిరి. నాకు మిక్కిలి బాధ కలిగించునది ఇదియే. బల్లమీద నున్న మనిషి చెప్పు మాటను యంత్రపు మాటకంటె ముందు వినవలెను. మీకు గాని మీవారికి గాని చికిత్సవేళ కొత్తగా మంటయో నొప్పియో తోచినచో ఓర్చుకొనక వెంటనే చెప్పుడు.

మామూలుగా వచ్చు బాధలు వేఱు. కిరణము పోవు చోట చర్మము కొన్ని వారములకు ఎఱ్ఱబాఱును, నల్లబడును, దురద పుట్టును, ఒళ్లు అలసియుండును. తలకు కిరణము పెట్టినవారికే తలవెండ్రుకలు రాలును, రొమ్మునకు పెట్టినవారికి రాలవు. 60 లక్షల వోల్టుల కిరణము తన పూర్తి బలమును చర్మము మీద గాక సుమారు ఒకటిన్నర సెంటీమీటరు లోపల చూపును గనుక, పూర్వమువలె పైతోలు ఘోరముగా కాలుట లేదు.

ఆ సోదరి వదినెగారికి చెప్పవలసిన ఇంటిపట్టు సంగతులు రెండు. చర్మము మీద సిరాతో గుఱుతులు పెట్టియుందురు. ప్రతిదినము కిరణము వెండ్రుకవాసి తప్పక అదే చోట పడుటకు అవియే ఆధారము. శుక్రవారపు తలంటులో నలుగు పెట్టి వానిని రుద్ది చెఱుపరాదు. మాసిపోవుచున్నచో తామే దిద్దుకొనక ఆసుపత్రిలో చెప్పవలెను. ఆ చోట పసుపు, నూనె, పౌడరు, వేపాకు ముద్ద యేదియు వైద్యుల నడుగక పూయరాదు. రెండవది, దినములు మానరాదు. కొందఱకు 3 వారములు, కొందఱకు 6, 7 వారములు, వారమునకు 5 దినములు చొప్పున విభజించి పెట్టుట ఊరక కాదు: నడుమ దొరకు వ్యవధిలో మంచి కణములు తమ దెబ్బను మాన్పుకొనును, క్యాన్సరు కణములు అంతగా మాన్పుకొనలేవు. నోమని, ప్రయాణమని, ఇంట చుట్టములున్నారని నడుమ నాలుగు దినములు మానినచో ఆ వ్యవధి గడ్డకు కలిసివచ్చును. తప్పనిసరి పని తగిలినచో ముందుగా వైద్యులకు తెలిపినయెడల లెక్క సరిచేసి మఱియొక దినము నిర్ణయింతురు.